మళ్లీ మొలిచే వెంట్రుక

కడప జిల్లా వేంపల్లె మండలంలో, కొండల మధ్య ఇడుపులపాయ ఉంది. 2008లో ఏర్పాటైన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్‌కు ఇక్కడొక ప్రాంగణం ఉంది. జనం నోట దాని పేరు ట్రిపుల్ ఐటీ. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలు ఇక్కడ చేరతారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు హాస్టల్లోనే ఉంటారు. అంటే పదిహేను, పదహారేళ్లకు వచ్చి, ఇరవై ఒకటి దాటాక బయటికి వెళ్తారు. ఒంటిమీద వెంట్రుకల తీరు మారిపోయే వయసు కూడా ఇదే. మగపిల్లలు మీసం ఎప్పుడొస్తుందా అని అద్దం చూసుకుంటారు. ఆడపిల్లలు పైపెదవి మీద నూగు నల్లబడుతుందేమోనని అదే అద్దం ముందు దిగులుపడతారు.

ఆ దిగులుకు సలహాలకు కొదవ ఉండదు. పసుపు రాసుకోమని అవ్వ చెబుతుంది. గీకితే ఇంకా దట్టంగా వస్తాయి, జాగ్రత్త అని అమ్మ హెచ్చరిస్తుంది. క్రీమ్ వాడమని స్నేహితురాలు అంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధుల్లోని లేడీస్ పార్లర్లలో వాక్సింగ్, థ్రెడింగ్ చేస్తారు. ఫోన్ తెరిస్తే లేజర్ ప్రకటనలు. వీటిలో చాలావాటి వెనక ఒక్కటే ఆశ ఉంటుంది: ఒకసారి పోయిన వెంట్రుక మళ్లీ రాకూడదు. ఆ ఆశ ఎక్కడ నిజమవుతుంది, ఎక్కడ మోసమవుతుంది, ఎక్కడ ప్రాణం మీదికి వస్తుంది అనేవే ఈ అధ్యాయంలోని విషయాలు.

వెంట్రుక పుట్టే చోటు

మనకు కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. అది కెరాటిన్ అనే ప్రొటీన్‌తో గట్టిపడిన మృతకణాల పోగు. ప్రాణమంతా చర్మం లోపల ఉన్న రోమకూపంలో ఉంటుంది. దాని అడుగున గడ్డలాంటి భాగం, ఆ గడ్డలోకి చొచ్చుకొచ్చిన పాపిల్లా అనే చిన్న కణజాలం, దానికి రక్తం అందించే సన్నని నాళాలు ఉంటాయి. పాపిల్లా నుంచి సంకేతం అందినంత కాలం గడ్డలోని కణాలు విభజన చెందుతూ, పైకి జరుగుతూ, గట్టిపడి వెంట్రుకగా బయటికొస్తాయి.

అడుగు భాగాన్ని నాశనం చేస్తే సరిపోతుందని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. 1990లో జార్జ్ కాట్సరెలిస్, ఆయన సహచరులు ఆ అవగాహనను మార్చారు. రోమకూపం మధ్యలో, సన్నటి కండరం అతుక్కునే చోట, ఒక ఉబ్బెత్తు భాగం ఉంటుంది. కొత్త వెంట్రుకను తయారుచేసే మూలకణాలు అక్కడ దాగి ఉంటాయని వాళ్లు చూపించారు. కడప రైతుకు తుంగ సంగతి తెలుసు. పైన ఎన్నిసార్లు కోసినా, భూమిలో గడ్డ మిగిలితే వానకు మళ్లీ మొలుస్తుంది. వెంట్రుక కూడా అంతే. పాపిల్లా, మూలకణాలు క్షేమంగా ఉంటే మళ్లీ వస్తుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. ప్రతి రోమకూపానికీ పెరిగే దశ, కుంచించుకుపోయే దశ, విశ్రాంతి దశ ఉంటాయి. తలమీద పెరిగే దశ రెండు నుంచి ఆరేళ్లు సాగుతుంది. జడ నడుము దాటి పెరగడానికి అదే కారణం. కాళ్ల మీద అది కొన్ని నెలలే. కనుబొమల్లో ఇంకా తక్కువ. మనిషి ఒంటిమీద మొత్తం 50 లక్షల దాకా రోమకూపాలుంటాయి, వాటిలో తలమీదివి లక్ష చిల్లర. ఇవన్నీ పుట్టేనాటికే సిద్ధమై ఉంటాయి. వయసు వచ్చాక కొత్తగా రోమకూపాలు పుట్టవు. అప్పటిదాకా కంటికి ఆనని నూగును ఇస్తున్న రోమకూపమే హార్మోన్ సంకేతం అందగానే నల్లటి, మందమైన వెంట్రుకను ఇవ్వడం మొదలుపెడుతుంది.

గీకితే దట్టమవుతుందా?

దేవుని కడపను తిరుమలకు తొలి గడప అంటారు. ఆ దారిన కొండకు వెళ్లి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చే కుటుంబాలు ఈ జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. పుట్టువెంట్రుకలు తీయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని నమ్మకం. నిజానికి పసిబిడ్డ మెత్తటి జుట్టు వయసుతోపాటు ఎలాగూ మందమవుతుంది. గుండు కూడా ఆ వయసులోనే చేయిస్తారు కాబట్టి ఆ ఘనత గుండు ఖాతాలో పడింది. గుండు చేయిస్తే జుట్టు దట్టమయ్యేదే అయితే, ఏటేటా తలనీలాలు ఇచ్చే నడివయసు భక్తుల్లో బట్టతల కనిపించకూడదు. అలా జరగడం లేదు.

ఈ సంగతిని 1928లో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త పరీక్షించారు. నలుగురు పురుషులతో ఒకే పద్ధతిలో గడ్డం గీయించి, రాలిన వెంట్రుకలను సూక్ష్మదర్శిని కింద కొలిచారు. రంగులోగానీ, మందంలోగానీ, పెరిగే వేగంలోగానీ తేడా రాలేదు. 1970లో మరో ఇద్దరు పరిశోధకులు ఐదుగురు యువకుల చేత కొన్ని నెలలపాటు వారానికొకసారి ఒక కాలు మాత్రమే గీయించి, రెండో కాలితో పోల్చారు. ఫలితం అదే.

మరి గీసిన చోట వెంట్రుక మొరటుగా ఎందుకు తగులుతుంది? సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నగా మొనదేలి ఉంటుంది. బ్లేడు దాన్ని అడ్డంగా కోయడంతో మొద్దుకొస మిగులుతుంది. చేత్తో తడిమితే ఆ మొద్దుకొస గుచ్చుకుంటుంది. అది చర్మానికి కలిగే స్పర్శే తప్ప వెంట్రుకలో వచ్చిన మార్పు కాదు. కాబట్టి ఆడపిల్ల శుభ్రమైన రేజర్ వాడుకుంటే తప్పేమీ లేదు. అది వెంట్రుకను పెంచదు, ఆపదు కూడా.

పసుపు చేసేది, చేయనిది

పసుపు గురించి మాట్లాడటానికి కడప కంటే మంచి చోటు ఉండదు. పంట శాస్త్రజ్ఞులు రాసే పసుపు రకాల జాబితాలో మైదుకూరు, టేకూరుపేట అనే ఊళ్ల పేర్లే రకాల పేర్లుగా కనిపిస్తాయి. పెళ్లికి బంగారం కోసం ప్రొద్దుటూరు వెళ్లే ఇంట్లో, పెళ్లికూతురికి నలుగు పెట్టడానికి పసుపు ఇంటి చుట్టుపక్కల పొలం నుంచే వస్తుంది.

నలుగు పెట్టే తీరు చూస్తే అందులోని కిటుకు తెలుస్తుంది. మొదట ఒంటికి నువ్వుల నూనె పట్టిస్తారు. తర్వాత పెసరపిండి లేదా శనగపిండి, పసుపు, కచ్చూరాల పొడి కలిపిన సున్నిపిండిని తడిపి రాస్తారు. అది సగం ఆరాక, అరచేత్తో వెంట్రుక మొలిచిన దిశకు ఎదురుగా రుద్ది రాలుస్తారు. ఎండుతున్న పిండి నూనెను, మట్టిని, పైపొర మృతకణాలను పట్టుకుని ఉండలు కడుతుంది. కుదురు బలంగా లేని నూగు కూడా ఆ ఉండలకు చిక్కి ఊడుతుంది. మిగిలిన నూగు మీద పసుపు రంగు ఎక్కి, చర్మంలో కలిసిపోయి కంటికి ఆనదు. పసుపు రాసిన ముఖం నున్నగా కనిపించడానికి కారణాలివే. రోమకూపం అడుగుకు మాత్రం ఆ పసుపు చేరదు.

పసిపిల్లల విషయంలో ఈ నమ్మకం ఇంకా బలపడింది. తల్లి కడుపులో ఉండగానే బిడ్డ ఒళ్లంతా సన్నటి నూగు మొలుస్తుంది. చాలావరకు పుట్టకముందే రాలిపోతుంది, మిగిలింది పుట్టిన కొన్ని వారాల్లో రాలుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల భుజాల మీద, వీపు మీద అది బాగా కనిపిస్తుంది. సరిగ్గా ఆ వారాల్లోనే బిడ్డకు వెన్న, శనగపిండి, పసుపు కలిపి ముద్దచేసి రుద్దుతారు. నూగు దానంతటది రాలుతుంది, పేరు పిండిముద్దకు దక్కుతుంది. బిడ్డ చర్మం పలచన. గట్టిగా రుద్దితే ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. రుద్దకపోయినా ఆ నూగు పోతుందని బాలింతకు, ఆమె అత్తకు, అమ్మకు తెలియాలి.

అంతమాత్రాన పసుపు కుటుంబంలో ఏమీ లేదని కొట్టిపారేయనక్కర్లేదు. కుర్కుమా జాతికే చెందిన మరో దుంప నుంచి తీసిన సుగంధ తైలాన్ని థాయ్‌లాండ్ పరిశోధకులు స్త్రీల చంకల్లో రాయించి పరీక్షించారు. వెంట్రుకల పెరుగుదల కొంత మందగించింది. మగ హార్మోన్ల పనిని ఆ తైలంలోని పదార్థాలు అడ్డుకుంటాయని వాళ్ల వివరణ. అయితే అది మన వంటింటి పసుపు కాదు. పైగా మందగించడం వేరు, ఆగిపోవడం వేరు.

దారం, పాకం, పటిక

పార్లర్‌లో థ్రెడింగ్ చేసే అమ్మాయి చేతుల్ని దగ్గర్నుంచి చూడాలి. నూలుదారం ఒక కొస పళ్ల మధ్య బిగిస్తుంది. రెండు చేతుల వేళ్లకూ దారాన్ని ఉచ్చులా తగిలించి, మధ్యలో కొన్ని మెలికలు వేస్తుంది. వేళ్లు తెరిచి మూస్తుంటే ఆ మెలిక ముందుకూ వెనక్కూ పరుగెత్తుతుంది, దారి పొడవునా వెంట్రుకలను ఇరికించుకుని గడ్డతో సహా పీకుతుంది. వాక్సింగ్‌ది కూడా ఇదే సూత్రం. చక్కెర, నిమ్మరసం కాచిన పాకంతో ఇంట్లోనే చేసుకునేవాళ్లూ ఉన్నారు. పాకం వేడి సరిగా చూసుకోకపోతే చర్మం కాలుతుంది.

పీకినప్పుడు వెంట్రుక గడ్డతో సహా వస్తుంది. అయినా పాపిల్లా, మూలకణాలు లోపలే ఉంటాయి. రోమకూపం కొత్త గడ్డను కట్టుకుని మళ్లీ మొదలుపెడుతుంది. అందుకే గీకితే రెండు మూడు రోజులకే కనిపించే వెంట్రుక, పీకితే కొన్ని వారాల తర్వాత కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఒకేచోట పీకితే కొన్ని రోమకూపాలు దెబ్బతిని మానుకోవచ్చు. కొందరిలో వెంట్రుక బయటికి రాలేక చర్మం లోపలికే వంకర తిరిగి, చీముపొక్కులు, నల్లమచ్చలు మిగులుతాయి.

గీసిన తర్వాత పటిక రుద్దితే మళ్లీ రావన్న మాట కూడా ప్రచారంలో ఉంది. పటిక చిన్న గాట్ల నుంచి కారే రక్తాన్ని ఆపుతుంది, చర్మాన్ని బిగువుగా అనిపించేలా చేస్తుంది. మంగలి షాపులో అది ఉండేది అందుకే. వెంట్రుక కుదురుతో దానికి సంబంధం లేదు.

తాళకం నుంచి ముగ్గురాయి దాకా

వెంట్రుకను కరిగించే విద్య మన దేశంలో చాలా పాతది. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో గాయాల చికిత్సకు చెప్పిన 60 పద్ధతుల్లో రోమాలు తీయడం ఒకటి, రోమాలు మొలిపించడం మరొకటి. తీయడానికి అందులో ఇచ్చిన యోగం ఇది: రెండు పాళ్లు శంఖచూర్ణం, ఒక పాలు హరిదళం, పులిసిన ద్రవంతో కలిపి నూరాలి. హరిదళాన్నే తాళకం అంటారు. పసుపుపచ్చగా మెరిసే ఆ ఖనిజం ఆర్సెనిక్, గంధకం కలిసిన సల్ఫైడ్. తుర్కీ స్నానశాలల్లో వాడిన లేపనంలోనూ తాళకం, సున్నమే ఉండేవి. అంత దూరాన ఉన్న రెండు సంప్రదాయాలు ఒకే జోడీని పట్టుకున్నాయి.

దీని వెనక రసాయన శాస్త్రం ఇలా ఉంటుంది. కెరాటిన్ పోగులను గట్టిగా కట్టి ఉంచేవి గంధకపు అణువుల మధ్య బంధాలు. తాళకాన్ని సున్నంతో తడిపితే పుట్టే సల్ఫైడ్ లవణాలు క్షారపు వాతావరణంలో ఆ బంధాలను తెంపుతాయి. వెంట్రుక జావలా మెత్తబడి తుడిస్తే వచ్చేస్తుంది. తోళ్లు పదును చేసేచోట చర్మాల మీది వెంట్రుకలు ఊడగొట్టడానికి సున్నం, సోడియం సల్ఫైడ్ వాడేది ఈ కారణంతోనే. తాళకంలో చిక్కేమిటంటే, పని చేసేది గంధకమైతే, విషంగా మారేది ఆర్సెనిక్.

ఇక్కడే కడప జిల్లా రాయి కథలోకి వస్తుంది. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఉంది. జనం దాన్ని ముగ్గురాయి అంటారు. పులివెందుల ప్రాంతంలోని వేముల మండలంలోనూ ముగ్గురాయి గనులున్నాయి. ఈ రాయి బేరియం సల్ఫేట్. చాలా బరువైనది, నీళ్లలో కరగదు. దీన్ని పొడిచేసి ఎక్కువగా చమురు బావులు తవ్వేచోటికి పంపుతారు. కరగదు కాబట్టే శుద్ధి చేసిన బేరియం సల్ఫేట్‌ను ఆసుపత్రుల్లో రోగి చేత తాగించి, పేగులను ఎక్స్‌రే తీస్తారు. ఒంట్లోకి ఇంకకుండా అలాగే బయటికి పోతుంది.

అదే ముగ్గురాయిని బొగ్గుతో కలిపి బాగా కాలిస్తే బేరియం సల్ఫైడ్ వస్తుంది. ఇది నీళ్లలో కరుగుతుంది, వెంట్రుకలను కరిగిస్తుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. చవకరకం వెంట్రుకలు తీసే పొడుల్లో దీన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. నోట్లోకి పోతే మాత్రం ఇది తీవ్రమైన విషం. కరిగిన బేరియం రక్తంలోకి చేరితే, పొటాషియం కణాల నుంచి బయటికి వచ్చే దారులు మూసుకుపోతాయి. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పడిపోతుంది. వాంతులు, విరేచనాలతో మొదలై కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి, గుండె లయ తప్పుతుంది, శ్వాస కండరాలు పనిచేయవు. ఈ పొడి మింగినవారి కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వెంటనే ఆసుపత్రికి చేరితే డాక్టర్లు సిరలోకి పొటాషియం ఎక్కిస్తారు. కడుపులో మిగిలిన బేరియం ఇంకకుండా సల్ఫేట్ లవణాలు తాగిస్తారు. అప్పుడు ఆ విషం తిరిగి కరగని బేరియం సల్ఫేట్‌గా, అంటే ముగ్గురాయిగా మారిపోతుంది.

పేరూ దినుసులూ రాయని వెంట్రుకల పొడి ఇంట్లో ఉంచుకోకూడదు. పిల్లలకు అందే గూట్లో అసలే పెట్టకూడదు.

ఇప్పటి కంపెనీ క్రీముల్లో ఎక్కువగా ఉండేది థయోగ్లైకోలేట్. 1934లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో గొడార్డ్, మైకేలిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అది కెరాటిన్ బంధాలను ఎలా తెంపుతుందో వివరించారు. వాసన, విషం రెండూ తక్కువ. కానీ క్షారగుణం ఎక్కువే. చర్మం పైపొర కూడా కెరాటిన్‌తోనే తయారైంది కాబట్టి, పెట్టె మీద రాసిన నిమిషాలు దాటితే అది చర్మాన్నీ తినేస్తుంది. కొద్దిగా మోచేతి లోపల రాసి, ఒకరోజు ఆగి చూసి, తర్వాతే వాడాలి. ఈ క్రీములు కూడా కరిగించేది చర్మం పైనా, అంచు కిందా ఉన్న వెంట్రుకనే. కుదురును ముట్టుకోవు.

కుదురును చంపబోయి మనుషుల్ని చంపినవి

కుదురును నాశనం చేసే మొదటి నమ్మకమైన పద్ధతి కంటి డాక్టర్ దగ్గర పుట్టింది. రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి కనుగుడ్డును గీరుతుంటే చూపు పోతుంది. పీకితే మళ్లీ వస్తాయి. 1875లో అమెరికాలోని సెయింట్ లూయీ నగర వైద్యుడు చార్లెస్ మిషెల్, సన్నటి సూదిని రోమకూపంలోకి దింపి, కొద్దిపాటి విద్యుత్తు పంపి ఆ కుదురును శాశ్వతంగా చంపగలిగారు. ఎలక్ట్రాలిసిస్ అనే ఆ పద్ధతి ఈనాటికీ ఉంది. నల్లవైనా, తెల్లవైనా ఏ వెంట్రుకకైనా, ఏ రంగు చర్మానికైనా పనికొస్తుంది. ఒక్కొక్క వెంట్రుకకూ సూది గుచ్చాలి కాబట్టి గడ్డం మీద కొన్ని మందపాటి వెంట్రుకలకైతే బాగుంటుంది, రెండు కాళ్లకూ చేయించడం గగనం.

ఎక్స్‌రే కనిపెట్టిన మరుసటి ఏడాదే, 1896లో, వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఫ్రాయిండ్ వీపంతా వెంట్రుకల పుట్టుమచ్చ ఉన్న ఐదేళ్ల పాపకు ఎక్స్‌రే పెట్టారు. వెంట్రుకలు రాలాయి. తర్వాత ఆ చోట మానని పుండు పడింది. ఆ హెచ్చరికను పట్టించుకోకుండా 1920లలో న్యూయార్క్ వైద్యుడు ఆల్బర్ట్ గైజర్ ట్రైకో అనే ఎక్స్‌రే యంత్రాన్ని బ్యూటీ పార్లర్లకు అందించారు. నొప్పి లేదు, మచ్చ లేదు అన్న మాట నమ్మి వేలమంది స్త్రీలు ముఖానికి ఎక్స్‌రే పెట్టించుకున్నారు. కొన్నేళ్లకు చర్మం ముడతలుపడి, పుండ్లుపడి, చాలామందికి క్యాన్సర్ వచ్చింది.

1930 ప్రాంతంలో కోరెమ్లు అనే క్రీమ్ అమెరికాలో అమ్ముడుపోయింది. అందులో ఉన్నది థాలియం అసిటేట్. థాలియం ఒకప్పుడు ఎలుకల మందుల్లో వాడిన విషం. ముఖం మీది వెంట్రుకలు పోతాయని రాసుకున్నవాళ్లకు తలమీది జుట్టు ఊడింది, కాళ్ల నరాలు దెబ్బతిన్నాయి, చూపు మందగించింది. 1932లో ఆ కంపెనీ దివాలా తీసింది. సౌందర్య సాధనాలను ప్రభుత్వ అదుపులోకి తెచ్చిన 1938 నాటి అమెరికా చట్టానికి దారితీసిన సంఘటనల్లో ఇదొకటి.

ఈ మూడు కథల్లో తేడా గమనించాలి. సూది ఒక్క కుదురునే ఎంచుకుంది. ఎక్స్‌రే, థాలియం రెండూ వెంట్రుకను, మనిషిని వేరుచేసి చూడలేకపోయాయి.

లేజర్ గుర్తుపట్టేది రంగును

ఆ వేరుచేసి చూడటం ఎలాగో 1983లో హార్వర్డ్ వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ వివరించారు. ఒక రంగు పదార్థం బాగా పీల్చుకునే కాంతిని, అది చల్లబడే లోపే ముగిసిపోయే చిన్న మెరుపుగా పంపితే, ఆ పదార్థం మాత్రమే వేడెక్కి చుట్టుపక్కల కణజాలం క్షేమంగా ఉంటుంది. వెంట్రుకలో ఆ రంగు పదార్థం మెలనిన్. 1996లో ఆండర్సన్ బృందం రూబీ లేజర్‌తో వెంట్రుకల పెరుగుదలను తగ్గించిన ఫలితాలను ప్రచురించింది. కాంతిని వెంట్రుక పీల్చుకుంటుంది, ఆ వేడి కుదురుకూ మూలకణాలకూ పాకి వాటిని దెబ్బతీస్తుంది.

ఇందులోంచే లేజర్ బలం, బలహీనత రెండూ తేలతాయి. నెరిసిన వెంట్రుకలో మెలనిన్ లేదు కాబట్టి లేజర్ దాన్ని పట్టదు. సన్నటి నూగులో మెలనిన్ తక్కువ కాబట్టి ఫలితం తక్కువ. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. తెల్లవాళ్ల కోసం అమర్చిన కొలతలతో లేజర్ కొడితే వెంట్రుకకు బదులు చర్మం కాలి, బొబ్బలు, మచ్చలు మిగులుతాయి. అందుకే రాయలసీమ ఎండకు నలుపెక్కిన చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్, లేదా చర్మాన్ని చల్లబరిచే ఏర్పాటున్న డయోడ్ లేజర్ క్షేమం. ఈ పొడవైన తరంగాలను చర్మం పైపొర తక్కువగా పీల్చుకుంటుంది.

లేజర్ బాగా పట్టేది పెరిగే దశలో ఉన్న వెంట్రుకనే. మిగతావి ఆ దశకు వచ్చేదాకా ఆగి మళ్లీ కొట్టాలి. అందుకే నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో ఆరు, ఎనిమిది సార్లు చేయించుకోవాల్సి వస్తుంది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు అవసరపడవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లేజర్‌కు అనుమతిచ్చిన మాట కూడా శాశ్వతంగా తగ్గించడం అనే, శాశ్వతంగా తీసేయడం అని కాదు. హార్మోన్ల తేడా ఉన్న కొందరు స్త్రీలలో దవడ, మెడ భాగాల్లో లేజర్ తర్వాత వెంట్రుకలు పెరిగిన సందర్భాలు కూడా వైద్యులు చూశారు. ఈ విషయం మొదటి సిట్టింగ్‌కు ముందే చెప్పే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

నిద్రజబ్బు మందు, ముఖానికి క్రీమ్

ఎఫ్లోర్నిథిన్ అనే మందు కథ వెంట్రుకల కంటే పెద్దది. క్యాన్సర్ కోసం తయారైన ఈ మందు, ఆఫ్రికాలో త్సెత్సె ఈగ వల్ల వచ్చే ప్రాణాంతకమైన నిద్రజబ్బును నయం చేస్తుందని తేలి, 1990లో అనుమతి పొందింది. రోగులు నిరుపేదలు. లాభం లేదని 1990లలో దాని తయారీ ఆపేశారు. ఈలోగా అదే మందు రోమకూపంలోని ఒక ఎంజైమును అడ్డుకుని వెంట్రుక పెరుగుదలను మందగింపజేస్తుందని గమనించారు. 2000లో స్త్రీల ముఖానికి రాసుకునే క్రీమ్‌గా అమెరికాలో అనుమతి వచ్చింది. ముఖానికి క్రీమ్ దొరికింది, ప్రాణం కాపాడే ఇంజెక్షన్ మాత్రం దొరకలేదు. వైద్యుల సంఘాలు నిలదీశాక, 2001లో కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంజెక్షన్‌ను మళ్లీ తయారుచేసి ఉచితంగా ఇచ్చింది.

ఆ క్రీమ్ వెంట్రుకను తీసేయదు, నెమ్మదింపజేస్తుంది. రోజుకు రెండుసార్లు రాస్తే రెండు నెలల్లో తేడా కనిపిస్తుంది. మానేస్తే ఇంకో రెండు నెలల్లో పాత స్థితికి వస్తుంది. లేజర్‌తో కలిపి వాడితే ఫలితం మెరుగు.

సంకేతం ఎక్కడి నుంచి వస్తోంది?

ఇంతసేపూ చెప్పుకున్నవన్నీ వెంట్రుక దగ్గర చేసే పనులు. చాలామంది అమ్మాయిల్లో అసలు సంగతి అండాశయాల దగ్గర ఉంటుంది. మగ హార్మోన్లుగా పేరుపడిన ఆండ్రోజెన్లు ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి. అవి ఎక్కువైతేనో, రోమకూపం వాటికి ఎక్కువగా స్పందిస్తేనో గడ్డం, పైపెదవి, రొమ్ముల మధ్య, పొత్తికడుపు మీద నూగు నల్లటి వెంట్రుకగా మారుతుంది. దీనికి ఎక్కువగా కనిపించే కారణం పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్). నెలసరి తప్పడం, మొటిమలు, బరువు పెరగడం దీనితోపాటు వస్తుంటాయి. దీన్ని 1935లో స్టీన్, లెవెంథాల్ అనే వైద్యులు వర్ణించారు. వెంట్రుకల తీవ్రతను కొలవడానికి 1961లో లండన్ వైద్యులు ఫెరిమన్, గాల్‌వే ఒక పద్ధతి ఏర్పరిచారు. ఇప్పుడు వాడే రూపంలో ఒంటిమీద తొమ్మిది చోట్ల సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. మొత్తం 8 గానీ, అంతకు మించి గానీ వస్తే సాధారణంగా పరీక్షలు చేయిస్తారు.

ఇడుపులపాయ హాస్టల్ పిల్లల వయసువాళ్ల మీద, ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక పరిశోధన జరిగింది. రామ్ నిధి, పద్మలత, నాగరత్న, అమృతాంశు కలిసి ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 నుంచి 18 ఏళ్ల 460 మంది అమ్మాయిలను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 9.13 శాతం మందికి పీసీఓఎస్ ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి పదకొండు మందిలో ఒకరికి. అదే బృందం తర్వాత పీసీఓఎస్ ఉన్న 90 మంది అమ్మాయిలను రెండు జట్లు చేసి, పన్నెండు వారాలపాటు ఒక జట్టుకు యోగా, మరో జట్టుకు మామూలు వ్యాయామం నేర్పింది. యోగా చేసినవారిలో టెస్టోస్టెరాన్ తగ్గింది, వెంట్రుకల స్కోరు కూడా కాస్త తగ్గింది.

హాస్టల్లో ఒక గదిలో పదకొండు మంది అమ్మాయిలు కూర్చుంటే వారిలో ఒకరికి ఉండే సమస్య ఇది. అయినా ఆమె తాను ఒక్కతే ఇలా పుట్టానని కుమిలిపోతుంది. నెలసరి రావడం లేదని అమ్మకు చెప్పదు, గడ్డం మీది వెంట్రుకలను రహస్యంగా పీక్కుంటుంది. లేజర్‌కు డబ్బు కడుతుంది గానీ రక్తపరీక్ష చేయించుకోదు. సంకేతం ఆగకపోతే లేజర్ చంపిన కుదురు పక్కనే ఉన్న నూగు మళ్లీ నల్లబడుతుంది. ఈ సమస్యకు మందులున్నాయి. బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి గాడిన పడే అవకాశం బాగా మెరుగవుతుంది. డాక్టర్ సలహాతో వాడే హార్మోన్ మాత్రలు, ఆండ్రోజెన్లను అడ్డుకునే మందులు వెంట్రుకల మీద ప్రభావం చూపడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది, ఓపిక కావాలి.

పార్లర్‌కు ముందు అడగాల్సినవి

చేతుల మీద, కాళ్ల మీద, పైపెదవి మీద సన్నటి నూగు జబ్బు కాదు. అమ్మకు, అవ్వకు ఉన్నట్టే ఉంటే, నెలసరి సక్రమంగా ఉంటే, తీసుకోవాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. తీసుకోవాలనుకుంటే శుభ్రమైన రేజర్, దారం, పరీక్షించి వాడిన క్రీమ్ చాలు. అవి మళ్లీ రాకుండా ఆపవు, జాగ్రత్తగా వాడితే పెద్దగా హానీ చేయవు.

నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తుంటే, గడ్డం మీద నల్లటి వెంట్రుకలు పెరుగుతుంటే, మెడ వెనక చర్మం నల్లగా మందమవుతుంటే ముందు స్త్రీల వైద్యురాలిని కలవాలి, పార్లర్ తర్వాత. కొన్ని నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగి, గొంతు బొంగురుపోయి, నుదుటి పక్కన జుట్టు పలచబడితే అస్సలు ఆలస్యం చేయకూడదు. అండాశయంలోగానీ, అడ్రినల్ గ్రంథిలోగానీ కణితి ఉందేమో చూడాల్సి ఉంటుంది. లేజర్ చేయించుకోదలిస్తే చర్మవ్యాధుల డాక్టర్ ఉన్నచోటే చేయించుకోవాలి. ఏ లేజర్, ఎన్ని నానోమీటర్లు, నా రంగు చర్మానికి ఎన్నిసార్లు చేశారు, ముందు చిన్నచోట పరీక్షించి చూస్తారా అని అడగాలి. మళ్లీ ఒక్క వెంట్రుక కూడా రాదని రాసిచ్చేవాళ్లను నమ్మకూడదు.

కాలేజీలు, హాస్టళ్లు కూడా ఒక పని చేయవచ్చు. పదో తరగతి పూర్తిచేసి వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ మొదటి ఏడాదే ఒక డాక్టరమ్మను పిలిపించి, నెలసరి గురించి, ఒంటిమీద వెంట్రుకల గురించి దాపరికం లేకుండా మాట్లాడించాలి. మగపిల్లలకు కూడా ఈ పాఠం చెప్పాలి. తోటి అమ్మాయి పైపెదవిని చూసి నవ్వడం మానేయడానికి, రోమకూపం ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు.